గుంతకు సరిపోయిన టీవీ

మా ఇంట్లో టీవీ నేలకు జానెడు ఎత్తులో, చిన్న పీట మీద ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూసి స్టాండు విరిగిపోయిందేమో అనుకొని జాలిపడేవాళ్ళు. ఏదీ విరగలేదు. మా అవ్వ హనుమమ్మ కంటికి సరిగ్గా ఎదురుగా ఉండేట్టు కొలిచి పెట్టించిన టీవీ అది. అవ్వ కూర్చునేది మగ్గం గుంత దగ్గర.

ఎమ్మిగనూరులో మా వీధిలో ఒకప్పుడు ప్రతి ఇంటి ముందుగదీ మగ్గానిదే. నేలలో గుంత తవ్వి, దాని అంచున కూర్చొని, కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉన్న కట్టెలు తొక్కుతూ నేస్తారు. ఇప్పుడు ఆ గుంతలు చాలావరకు పూడిపోయాయి. వాటి మీద టైల్స్, టైల్స్ మీద సోఫాలు, సోఫాల మీద ప్లాస్టిక్ కవర్లు. కవరు తీయకముందే సోఫా పాతబడిపోయిన ఇళ్ళు కూడా ఉన్నాయి. మా ఇంట్లో మాత్రం గుంత గుంతగానే ఉంది. అందులో అవ్వ కాళ్ళు ఉన్నాయి. కళ్ళు మాత్రం టీవీలో ఉండేవి.

కుర్చీలో కూర్చున్నవాళ్ళు మెడ వంచితే గాని మా టీవీలో బొమ్మ కనపడేది కాదు. అందుకని టీవీ చూడవచ్చే ఆడవాళ్ళంతా నేల మీదే కూర్చునేవాళ్ళు. ఎదురింటి నాగక్క గోడకు ఆనుకొని కాళ్ళు చాపుకొనేది. లేచేటప్పుడు ఇద్దరి చేతులు పట్టుకొని, ఉన్న దేవుళ్ళందరినీ పిలిచి లేచేది. అయినా మరుసటి రోజు తప్పకుండా వచ్చేది.

మావాళ్ళలో ఒక పట్టింపు ఉంది. మగ్గం మీద పడుగు ఉండగా గుంతలో మన్ను వేయరు. పడుగంటే మగ్గానికి నిలువుగా బిగించిన దారాలు. దాన్ని సగంలో కోస్తే ఆ ఇంటికి మంచిది కాదంటారు. మా తాత ఉరుకుందప్ప సగం చీర మగ్గం మీద వదిలేసి పోయాడు. దినాలు కాగానే అవ్వ గుంతలోకి కాళ్ళు దించి మిగతా సగం నేసింది. అప్పటిదాకా ఆమె నేతకు కావలసిన నూలు కండెలు చుట్టడమే తప్ప మగ్గం మీద చెయ్యి వేసి ఎరగదు. ఆ చీర సగం నున్నగా, సగం గొంగళి మాదిరి ఉంటుంది. ఎవరూ కొనలేదు. పండగకు అవ్వే కట్టుకుంటుంది. గొంగళి సగం పైకి కనపడేట్టు కట్టుకుంటుంది.

అవ్వ సీరియళ్ళు చూడదు. "కోడలు పాలల్లో విషం కలిపేదానికి అత్త నెలంతా గరిటె తిప్పుతాది. ఆలోపల నేను చీరలు దించి అంగడికి పంపిస్తా" అంటుంది. సినిమాల్లో ఎవరు గెలుస్తారో పోస్టరు చూస్తేనే తెలిసిపోతుందట. ఆమె చూసేది ఒక్కటే, 'గడప' అనే పోటీ.

ఆ పోటీలో పన్నెండు మందిని ఒక ఇంట్లో పెడతారు. ఇంటి నిండా కెమెరాలు, అందరికీ ఒకటే బాత్రూమ్. గడప దాటినవాళ్ళు ఓడినట్టు. సోమవారం ఒక్కొక్కరూ వచ్చి గడప దగ్గర నిలబడి, ఈ ఇంట్లోంచి ఎవరు పోవాలో, ఎందుకు పోవాలో ఆ మనిషి ముఖం చూసి చెప్పాలి. ఆ తర్వాత బయట ఉన్న మనం ఫోన్లలో ఓట్లు వేస్తాం. తక్కువ ఓట్లు వచ్చినవాళ్ళు ఆదివారం గడప దాటి వెళ్ళిపోతారు. చివరికి మిగిలినవాళ్ళది గెలుపు.

ఆ పోటీ నడిచినన్నాళ్ళూ వంటింట్లో ఉన్న మా అమ్మ ప్రమీలారాణి టీవీ చూడకుండానే కథ చెప్పేది. మగ్గం టకటకమని ఆడుతుంటే టీవీలో అందరూ అన్నాలు తింటున్నట్టు. చప్పుడు మెల్లబడిందంటే ఎవరో గుసగుసలాడుతున్నట్టు. పూర్తిగా ఆగిందంటే, "ఎవుర్నో తిట్టినారే" అనేది అమ్మ. ఇక ఆదివారం నేసిన జానెడు గుడ్డను కళ్ళు మూసుకొని తడిమినా గుర్తుపట్టవచ్చు. ఎవరు పోతారో అనే ఆత్రంలో అవ్వ పోగును బిగించే దెబ్బ గట్టిగా వేసేది. నేత అట్ట మాదిరి బిగిసిపోయేది. ఆ చీరలు కట్టుకున్న ఆడవాళ్ళకు తమ కుచ్చిళ్ళ మధ్య ఒక ఆదివారం ఉందని తెలియదు.

మా నాన్న ఉమామహేశ్వరకు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది. ఆయనకు ఆ పోటీ అంటే ఒళ్ళుమంట.

"అదంతా ముందే రాసిచ్చింటారు మ్మా. వాళ్ళు నటిస్తాండారు. నువ్వు ఈడ కూచోని నిజమనుకుంటాండావు" అనేవాడు.

"పన్నెండు మంది ఒక బాత్రూమ్ ముందర నిలబడినాక ఎన్ని దినాలు నటిస్తారప్పా? పొద్దన పూట అయితాదా ఆ పని?"

"అయితే నిజమంటావు."

"పెండ్లికూతుర్ని అంపించేటప్పుడు ఏడ్చేది కూడా ముందే అనుకొన్నిందే గదా. అయినా కండ్లల్లో నీళ్ళు నిజంగానే వస్తాయి."

"అయినా ఎవురో గెలిస్తే నీకేమొస్తాది?"

"నువ్వు క్రికెట్టు చూస్తే నీకేమొస్తాది? నీ ఆటలో బంతిని బయటికి కొడతారు, నా ఆటలో మనుషుల్ని కొడతారు. గమ్మున కూచోని చూడు, లేకుంటే అంగడికి పో."

నాన్న అంగడికి పోయేవాడు.

ఆమెకు ఆ పోటీ మీద అంత పిచ్చి ఎందుకో నాకు ఒకరోజు కండెలు చుడుతుండగా తెలిసింది. అవ్వ కోడలుగా వచ్చినప్పుడు ఈ ఇంట్లో మంది ఎక్కువ, తలుపు ఒకటే. కెమెరా పని ఆమె అత్త చేసేది. అది ఏ మూలన ఉన్నా చూసే కెమెరా. అవ్వ గట్టిగా నవ్వుతుందని ఆ ఇంటివాళ్ళకు పెద్ద కష్టం వచ్చింది. ఆమె గోడకు ఇవతల రాట్నం తిప్పుతుంటే, అవతల వంటింట్లో పెద్దలు కూర్చొని ఆమెను కోసిగిలోని పుట్టింటికి పంపించేద్దామని మాట్లాడుకున్నారు.

"పంపినారా?" అని అడిగాను.

"పంపింటే నువ్వు యాడ పుడుతాంటివి, కోసిగిలో పుడుతాంటివా? పంపలేదు. మానుకున్న్యామని కూడా ఎవురూ చెప్పలేదు. ఆ మాట ఎత్తినోళ్ళెవురో, వద్దనినోళ్ళెవురో నాకి ఇప్పటికీ తెల్దు. దినామూ మూట కట్టుకొని తయారుగా ఉన్న్యా. ఈ టీవీలో అట్ల కాదు సూడు. గడపలో నిలబడి, నువ్వు పోవాల, ఇందుకు పోవాల అని మొగం మీదే చెప్తారు. వీళ్ళూ తిరిగి ఒక మాట అంటారు. అంతకన్నా ఏం కావల్ల మనిషికి?"

పోయిన ఏడాది పోటీలో అవ్వ మనిషి సుందరలక్ష్మి. ప్రొద్దుటూరులో మెస్సు నడిపే లావాటి ఆవిడ. మిగతావాళ్ళంతా సినిమా పిల్లలు, డాన్సు పిల్లలు, కండలు తప్ప మాటలు లేని ఒక అబ్బాయి. మొదటి సోమవారమే ఒక డాన్సు పిల్ల గడప దగ్గర నిలబడి, సుందరలక్ష్మి పోవాలి, గట్టిగా నవ్వుతుంది, నిద్ర పట్టడం లేదు అంది. మా ఇంట్లో మగ్గం ఆగిపోయింది. వంటింట్లోంచి అమ్మ తొంగి చూసింది. అవ్వ పోగును అటూ ఇటూ లాక్కెళ్ళే నాడెను చేత్తో పట్టుకొని టీవీకేసి చూస్తోంది.

"వాణీ, ఆయమ్మకు ఓటెయ్" అంది.

ఇంటర్లో లెక్కలు రెండుసార్లు తప్పి ఇంట్లోనే ఉన్నదాన్ని కాబట్టి ఓట్లు నొక్కే ఉద్యోగం నాకే దొరికింది. "లెక్కలు రాకుంటే ఏమి, ఏలితో నొక్కేదొస్తే చాలు" అని అవ్వే వేయించింది. నా ఫోనుతో ఆగలేదు. నాగక్క కొడుకు ఫోను, కూరగాయల బండి ఆయన ఫోను, కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చినవాడి ఫోను, అన్నిటినీ అడిగి ఇప్పించుకొనేది. బిల్లు కొట్టే ఆయన తనకు ఆ పోటీ గురించి తెలియదన్నాడు. "నువ్వు తెలుసుకొనే పనిల్యా, ఫోనియ్యి" అంది. ఇచ్చాడు. ఆదివారం సాయంత్రాలు సుందరలక్ష్మి గండం గడిచిందని తెలిస్తే మా వీధిలో ఈలలు వినిపించేవి. ఓట్లు వేసినవాళ్ళంతా ఆమెను తామే బతికించామని నమ్మేవాళ్ళు. నాగక్కయితే రెండుసార్లు తన ఓటు వల్లే ఆగిందని ప్రమాణం చేసింది.

అయితే చివరి నలుగురిలో సుందరలక్ష్మి పోయింది. యాంకరు పక్కనే నిలబడి జేబురుమాలు కూడా అందించాడు. ఆమె తీసుకోలేదు.

"ఏడుపు రావడం లేదా అమ్మా?" అని అడిగాడు.

"ఏంటికి నాయనా? ఇంటికి పోతాండా. ఆడ పొయ్యి నాకోసం ఎదురుచూస్తాంటాది" అని, ఇల్లు అదిరేట్టు నవ్వి, గడప దాటింది.

నాగక్క ఏడ్చింది. అవ్వ ఏడవలేదు. మగ్గం మీద ఆ దెబ్బలు ఎంత గట్టిగా పడ్డాయంటే గోడకున్న క్యాలెండరు కదిలింది.

మరుసటి రోజు సోమవారం. సాయంత్రం నాగక్క అందరికంటే ముందు వచ్చి, తన చోట్లో కూర్చొని, మామూలుగా అడిగేసింది.

"హనుమక్కా, ఇంగ ఈ టీవీ గోడకెక్కుతాదంట గదా? రేపు నీ గుంత పూడ్చేదానికి ఇటికెలూ మట్టీ దింపుతారంట. నరసన్న చెప్పినాడు."

నరసన్న మా వీధి మేస్త్రి. అవ్వ నాడె ఆపింది. నా వైపు చూసింది. నేను కండెల బుట్ట వైపు చూశాను. ఎందుకంటే నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. నెల రోజులుగా నాన్న వంటింట్లో తలుపు దగ్గరగా వేసి ఇదే మాట్లాడుతున్నాడు. ఆదోనిలో ఉన్న మా అత్త అంజలితో ఫోనులో మాట్లాడాడు. టైల్స్ రంగు, వాటి మీదికి సోఫా కూడా ఎంచుకోవడం అయిపోయింది. ఆయన మీద తప్పు వేయలేను. అవ్వ మోకాళ్ళు వాచి ఉంటాయి. డాక్టరు ఆ కట్టెలు తొక్కొద్దన్నాడు. పైగా ఒకసారి కరెంటు పోయినప్పుడు నాన్నే గుంతలో పడ్డాడు. పది నిమిషాలు లేవలేదు. అవ్వ పైనుంచి, "లోపల నా నాడె కనపడితే తీసుకొని రాప్పా" అంది.

"అయితే వంటింట్లోనే అయిపోయిందన్న మాట. ఇన్నేండ్లకు మళ్ళా గోడకు అవతలే మాట్లాడుకొన్న్యారు" అంది అవ్వ. గొంతు పెద్దది చేయలేదు. అందుకే నాకు భయం వేసింది.

నాన్న వచ్చేసరికి ఇల్లంతా ఆడవాళ్ళు. టీవీ కట్టేసి ఉంది. సోమవారం నాడు మా టీవీ కట్టేసి ఉండడం నాన్న ఎప్పుడూ చూడలేదు.

"ఎవురికేమైంది?" అన్నాడు గాభరాగా.

"ఎవురికీ ఏమీ కాలేదు. చెప్పులిడిచి గడపలో నిలబడు" అంది అవ్వ. "ఈ దినం మనింట్లోనే సోమవారం. ఒక్కొక్కరూ ఆడ నిలబడి, ఈ ఇంట్లోంచి ఏది పోవాల్నో, ఏంటికి పోవాల్నో నా మొగం చూసి చెప్పాల. గోడకు కాదు, వంటింటికి కాదు, ఆదోనికి కాదు. నాకి."

"ఏం ఆటలు మ్మా ఇవి?"

"నువ్వు ఆడింది ఆట కాదా? నిలబడు."

నాన్న నిలబడ్డాడు. మా నాన్న ముక్కలు ముక్కలైన ఫోన్లను కూడా భయం లేకుండా పట్టుకుంటాడు. ఆరోజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తలుపు గొళ్ళెం పట్టుకున్నాడు.

"గుంత పోవాల" అన్నాడు చివరికి. "నీ మోకాళ్ళు చూసినావా? రాత్రి నువ్వు మూలిగేది నాకి వినపడతాది. పొద్దన లేచి నువ్వు మళ్ళా అండ్లోకే కాళ్ళు దించుతావు. నాకి భయమయితాది. ఈ మాట చెప్తే నువ్వు తిడతావని చెప్పలేదు."

"తిడతా. కానీ ఇంటా. సరే. ప్రమీలా, నువ్వు రా."

అమ్మ కొంగు చేతికి చుట్టుకుంటూ వచ్చింది. మా అమ్మ ఈ ఇంట్లో గట్టిగా మాట్లాడడం నేను వినలేదు. కుక్కర్ ఈల ఆమె కంటే గట్టిగా మాట్లాడుతుంది.

"నాది కూడా గుంతే అత్తా."

"ఏంటికి?"

అమ్మ ఒకసారి నన్ను చూసింది, తర్వాత అవ్వనే చూసింది. "నువ్వు గుంతలో కూచుంటే లేసేది కష్టమని అన్నీ నేనే అందియ్యాల. టీ, నీళ్ళు, మాత్రలు, అద్దాలు. పిలిస్తే పొయ్యి మీద ఏముండాదో చూడకుండా రావాల. వచ్చి, వంగి ఇయ్యాల. నేను వంగిందే గాని నువ్వు తలెత్తి చూసింది లేదు. నన్ను ఆ మగ్గం మీద చెయ్యి కూడా వెయ్యనియ్యలేదు. మా నాయన ఇంట్లో పడుగులు అతికేది నేనే."

నాగక్క గోడకు ఆనుకున్నది ముందుకు వంగింది. అంత రసవత్తరమైన ముక్క ఆమె టీవీలో కూడా చూసి ఉండదు.

"అయిపోయిందా?" అంది అవ్వ.

"అయిపోయింది."

"సరే. వాణీ."

నేను గడప దగ్గర నిలబడి, "ఇంకా రాని సోఫా పోవాల" అన్నాను.

"లేనిదాన్ని యాడికి పంపిస్తావే? చెల్లదు" అన్నాడు నాన్న.

"ఇద్దరు గుంత పోవాలన్న్యారు" అంది అవ్వ. "కానీ ఇంట్లోవాళ్ళు చెప్తే పోయేది కాదు గదా. ఓట్లేసేది బయటోళ్ళు. నాగక్కా, అందరూ చెయ్యెత్తండి. నా గుంత ఉండాల అనేటోళ్ళు."

అవ్వ ముఖంలో ధీమా ఉంది. ఆ ఆడవాళ్ళంతా ఆమె టీవీ ముందు కూర్చున్నవాళ్ళు, ఆమె చెప్పిన మనిషికి ఓట్లు వేసినవాళ్ళు, ఆమె ఇంట్లో బొరుగులు తిన్నవాళ్ళు. ఒక్క చెయ్యి లేవలేదు. కొందరు టీవీ వైపు చూశారు. అది కట్టేసి ఉందని గుర్తుకు వచ్చి కింద చూశారు.

"ఏమనుకోవద్దు హనుమక్కా" అంది నాగక్క. "నువ్వే మొగం మీద చెప్పమన్న్యావు. కింద కూచోని కూచోని మా నడుములు పోతాండాయి. మాకేమన్నా పదారేండ్లా? టీవీ రవంత పైకి పోతే, కుర్చీలేసుకొని కూచుంటాం. నీ గుంత ఉన్నన్ని దినాలు అది పైకి పోదు."

ఎమ్మిగనూరు చరిత్రలో అంత ఘోరంగా ఓడిపోయినవాళ్ళు లేరు. సుందరలక్ష్మికైనా మా వీధి ఓట్లు ఉండేవి.

నాన్నకే జాలేసింది. "ఊరికే ఉండు మ్మా, పొద్దన మాట్లాడుకుందాం" అన్నాడు. అవ్వ చెయ్యి ఎత్తి ఆపింది.

"అందరూ చెప్పినారు. అంతా ఇన్న్యా. మీరు చెప్పిండేదాంట్లో అబద్ధం యాడా లేదు. ఓడిపోయిన్యా. ఒప్పుకుంటాండా." అని నాడె చేతిలోకి తీసుకుంది. "కానీ నేను పోను."

"అట్లెట్లయితాది?" అంది నాగక్క. "రూలు నువ్వే పెట్టింటివి."

"సుందరలక్ష్మి గడప దాటి ఇంటికి పొయ్యింది. ఆయమ్మకు ఇల్లుండాది, పొయ్యి ఉండాది. నేను ఈ గుంత దాటి యాడికి పోవాల? నా ఇల్లు ఇదే. ఓడిపోయినోళ్ళు ఇంటికి పోవాల అంటే, నేను ఇంట్లోనే ఉండా. వాణీ, టీవీ పెట్టు. సగం అయిపోయింటాది."

నాన్న నెత్తి పట్టుకున్నాడు. అయినా మావాళ్ళ పట్టింపు ఆయనకూ ఉంది. పడుగు మీద మన్ను వేసే ధైర్యం లేదు. "సరే, ఈ పడుగు అయిపోయేదాకా ఆగుతా. తర్వాత ఒక్కదినం కూడా ఆగను" అన్నాడు. మరునాడు ఇటుకలు, మట్టి మాత్రం దింపించాడు. అవి వాకిలి పక్కన ఉండిపోయాయి. కోడిపిల్లలకు కొత్త కొండ దొరికింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పడుగు అయిపోవడమంటే దారం పూర్తిగా తీసేయడం కాదు. చివర జానెడు మిగిలి ఉండగానే, పాత దారాల కొసలకు కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. అట్లా అతుకుతూ పోతే మగ్గం ఎప్పటికీ ఖాళీ కాదు. అవ్వ మొండితనానికి బలం అదే. ఆమె బలహీనత కూడా అక్కడే ఉంది. వేల దారాలు అతకడానికి కళ్ళు బాగుండాలి, వేళ్ళు వణకకూడదు. అవ్వకు ఆ రెండూ పోయాయి. మా వీధిలో అతికే పని చేసేది పెద్ద ఈరన్న. నాన్న ముందే పోయి, మా ఇంటికి మాత్రం రావద్దని ఆయనతో చెప్పివచ్చాడు. ఈసారి వంటింట్లో చెప్పలేదు. గడప దగ్గర నిలబడి అవ్వ ముఖం మీదే చెప్పాడు.

"ఈరన్న రాడు మ్మా. నేనే వద్దన్న్యా."

"మంచిది" అంది అవ్వ. "మొగం మీద చెప్పేది నేర్చుకొన్న్యావు." మళ్ళీ నేతలో పడిపోయింది.

ఆ రోజుల్లో నేను ఒకటి గమనించాను. అవ్వ టీ కోసం పిలవడం మానేసింది. కట్టెల మీది కాళ్ళు మెల్లగా పైకి తీసి, రెండు చేతులూ నేలకు ఆనించి, మోకాలు పట్టుకొని లేచి, గోడ వెంబడి వంటింటి దాకా వచ్చేది. అక్కడే పొయ్యి పక్కన నిలబడి తాగేది. గ్లాసు తనే కడిగేది. సరిగ్గా కడిగేది కాదు. అమ్మ ఆమె వెనక్కి తిరిగాక మళ్ళీ కడిగేది. మొదటి రోజు అమ్మ, "నేను తెస్తాంటి గదా అత్తా" అంది. "నువ్వు చెప్పింది ఇన్న్యా" అంది అవ్వ. అంతే. క్షమించమనడం మా ఇంట్లో ఎవరికీ రాదు. గ్లాసులు కడగడం మాత్రం కొద్దికొద్దిగా వస్తోంది.

మగ్గం మీద పడుగు తరిగిపోతూ వచ్చింది. నేత మెల్లబడింది. ఇప్పుడు టీవీలో ఏమీ లేకపోయినా మెల్లబడింది. అమ్మ వంటింట్లో ఆ చప్పుడు వినేది. ఈసారి కథ చెప్పేది కాదు.

చివరికి జానెడు మిగిలిన రోజు పొద్దున నాన్న నరసన్నను పిలవడానికి పోయాడు. అవ్వ స్నానం చేసి, గొంగళి సగం పైకి కనపడేట్టు తాత చీర కట్టుకొని వచ్చింది. కొత్త పడుగు ముందేసుకొని, అద్దాలు పెట్టుకొని కూర్చుంది. ఒక దారం పట్టింది. అది జారింది. మళ్ళీ పట్టింది. రెండు దారాలు కలిసి వచ్చాయి. నేను పోయి పట్టుకున్నాను. నా చేతిలో తెగింది.

"ఎంతసేపయినా కానీ. నేను లేసేది లేదు" అంది అవ్వ.

అప్పుడు వంటింట్లో పొయ్యి ఆపిన చప్పుడు వినపడింది. అమ్మ ఒక చిప్పలో బూడిద తీసుకొని వచ్చింది. నన్ను మోచేత్తో పక్కకు నెట్టి, అవ్వకు ఎదురుగా నేల మీద కూర్చొని, దారం జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకుంది. పాత కొస, కొత్త కొస, ఒక మెలి. తర్వాతది. నేను కళ్ళార్పేలోపు చాలా అయిపోయాయి. ఆ వేళ్ళను నేను ఇన్నేళ్ళూ ఉల్లిగడ్డల మీదే చూశాను.

అవ్వ అద్దాలు తీసింది. "ఏమ్మే ప్రమీలా, గుంత పోవాలని అన్నింది నువ్వే గదా?"

"అన్న్యా. నీ మొగం మీదే అన్న్యా" అంది అమ్మ, తలెత్తకుండా. "ఇప్పుడు నీ మొగం ముందరే అతుకుతాండా. దారం సరిగ్గా పట్టుకో, వదులయితాండాది."

"నా మగ్గం మీద చెయ్యేసి నాకే చెప్తాండావే?"

"పట్టుకో అత్తా."

అవ్వ పట్టుకుంది.

నాన్న, నరసన్న వచ్చేసరికి సగానికి పైగా అయింది. నాన్న గడప దగ్గరే ఆగిపోయాడు. పెళ్ళాం, తల్లి ఎదురెదురుగా కూర్చొని, ఒకరినొకరు కసురుకుంటూ, ఒకే పడుగును చెరోవైపు పట్టుకొని ఉండడం ఆయన కలలో కూడా అనుకోలేదు. ఏదో అనబోయాడు. అమ్మ బూడిద వేలు చూపించింది. "మీరు గాలి రానియ్యొద్దు, కొసలు ఎగుర్తాండాయి. తలుపు దగ్గరికెయ్యండి" అంది.

"ఏమప్పా, పనుండాదా లేదా?" అని నరసన్న అడిగాడు.

నాన్న వాకిట్లో ఇటుకల్ని చూశాడు. టీవీని చూశాడు. గోడకు ఆనుకొని లేవలేక లేచే నాగక్క చోటును చూశాడు. "ఉండాది" అన్నాడు. "ఆ టీవీ కింద వరసలు పేర్చు. కుర్చీలో కూచున్నోళ్ళకు కనపడాల."

ఇప్పుడు మా టీవీ ఇటుకల దిమ్మె మీద ఉంది. 'గడప' మళ్ళీ మొదలైంది. వీధి ఆడవాళ్ళంతా ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకొని దర్జాగా కూర్చుంటారు. గుంతలో ఉన్న అవ్వే మెడ ఎత్తి చూడాలి. మోకాళ్ళకు తోడు మెడనొప్పి కూడా వచ్చింది. నాన్న రెండింటికీ మందు తెస్తున్నాడు, తెచ్చిన ప్రతిసారీ గడప దగ్గర నిలబడి, గుంత పోవాలని ఒకసారి చెప్తాడు. అవ్వ విని, మాత్ర వేసుకొని, మళ్ళీ కట్టెలు తొక్కుతుంది. మధ్యాహ్నం ఆమె కునుకు తీసేటప్పుడు మగ్గం చప్పుడు ఆగదు. అప్పుడు నేసేది అమ్మ. ఆ గుడ్డ నున్నగా ఉంటుందని నేను అంటే అవ్వ ఒప్పుకోదు.

"మెడ నొయ్యదా హనుమక్కా?" అని నాగక్క కుర్చీలోంచి అడుగుతుంది.

"నొస్తాది. నొయ్యనీ. ఓట్లేసినోళ్ళు పైన కూచున్న్యారు, ఓడినోళ్ళు కింద కూచున్న్యారు. చూసేది మాత్రం ఒకే టీవీ గదా" అని, వీధి చివరి దాకా వినపడేట్టు నవ్వుతుంది. గోడకు అవతల వంటింట్లో ఆ నవ్వుకు ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు.

ఆ పడుగు మీద దించిన మొదటి చీర నా దగ్గర ఉంది. అతుకు దాటగానే అవ్వ నేసిన ఒక జానెడు మేర నేత అట్ట మాదిరి బిగిసి ఉంటుంది. ఆరోజు ఆదివారం కాదు.